తల్లి అమెరికాలో... బిడ్డ నందిగామలో
కరోనా ఆంక్షల్లో పసివాళ్ల ప్రయాణాలు నేర్పిన పాఠం

నందిగామ (మా గ్రామీణ విలేఖరి): ఈ ప్రాంతంలో పిల్లల్ని విదేశాలకు పంపని ఊరు అరుదు. నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల పరిసర గ్రామాల్లో ఏ వీధికి వెళ్లినా ఒక ఇంట్లో కొడుకో, కూతురో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. వెళ్లిన వాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. వాళ్ల వెనుక తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండిపోయే పసివాళ్ల గురించి మాట్లాడేవారు తక్కువ. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా ఆంక్షలకు ఎక్కువగా నలిగిపోయిన వారిలో ఈ పసివాళ్లు ఉన్నారు. తల్లిదండ్రుల దగ్గరకు చేరడానికి ఒక బిడ్డకు ఎన్ని తలుపులు దాటవలసి వచ్చిందో చూస్తే, రేపు అలాంటి పరిస్థితి మళ్లీ వచ్చినప్పుడు మనం ఏ జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

నందిగామ మండలంలోని ఒక గ్రామంలో ఈ విలేఖరి కలిసిన కుటుంబం కథ ఇందుకు మంచి ఉదాహరణ. వారి కోరిక మేరకు పేర్లు రాయడం లేదు.

పురిటికి వచ్చి...

ఆ ఇంటి అమ్మాయి, అల్లుడు ఇద్దరూ అమెరికాలో హెచ్‌-1బి వీసాపై ఉద్యోగాలు చేస్తున్నారు. తొలి కాన్పుకు అమ్మాయి ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వచ్చింది. 2018 డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. సెలవు అయిపోవడంతో 2019 అక్టోబరులో పది నెలల బిడ్డను తల్లిదండ్రులకు అప్పగించి తిరిగి వెళ్లింది. వేసవిలో అల్లుడు వచ్చి, బిడ్డకు హెచ్‌-4 వీసా తీసుకుని, వెంట తీసుకుపోవాలనేది అనుకున్న పద్ధతి. పాస్‌పోర్టు మాత్రం 2020 జనవరికే చేతికి వచ్చింది.

"నాలుగైదు నెలలే కదా అనుకున్నామండీ. మనవరాలికి అన్నప్రాసన చేశాం, పుట్టినరోజు చేశాం. ఎండాకాలం రాగానే పంపించేద్దాం అనుకున్నాం. ఆ నాలుగు నెలలు రెండేళ్లయ్యాయి" అని పెద్దాయన చెప్పారు.

2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికే అమెరికా రాయబార కార్యాలయం మన దేశంలో మామూలు వీసా పనులు నిలిపివేసింది. అల్లుడు కొనుక్కున్న ఏప్రిల్ టిక్కెట్టు రద్దయింది.

ఒకటి కాదు, నాలుగు తలుపులు

విమానాలు లేకనే పిల్లలు ఆగిపోయారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. నిజానికి బిడ్డ ప్రయాణానికి నాలుగు తలుపులు తెరుచుకోవాలి. మొదటిది మన రోడ్డు. రెండవది అవతలి దేశం వేసే ఉత్తర్వు. మూడవది వీసా ఇచ్చే కౌంటరు. నాలుగవది విమానం ఎక్కించే వాళ్లు అడిగే కాగితం. ఈ నాలుగింటికీ నలుగురు కాపలాదార్లు. ఒకరితో ఒకరికి సంబంధం లేదు. నాలుగూ ఒకేరోజు తెరిచి ఉంటేనే బిడ్డ వెళ్లగలదు. రెండేళ్లపాటు జరిగినదల్లా ఒక తలుపు తెరుచుకునేసరికి మరొకటి మూసుకుపోవడమే.

మొదటి తలుపు సంగతి ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. లాక్‌డౌన్ మొదటి రోజుల్లో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి నిలబడిపోయిన దృశ్యం ఇంకా ఎవరూ మరచిపోలేదు. వీసా పని అంటే హైదరాబాదు పోవాలి. పాస్ ఉంటేనే సరిహద్దు దాటనిచ్చేవారు. 2021 మేలో మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ, తెలంగాణలో 12వ తేదీ నుంచి లాక్‌డౌన్. అంబులెన్సులనే సరిహద్దులో ఆపివేసి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లిన రోజులవి.

ఉత్తర్వుల మీద ఉత్తర్వులు

రెండవ తలుపు అసలైన చిక్కు. 2020 ఏప్రిల్ 22న అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వలస వీసాలు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అమెరికా పౌరుల భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పిల్లలకు అందులో మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారి పిల్లలకు లేదు. అంటే ఒకే వీధిలో రెండిళ్లలో ఇద్దరు పిల్లలుంటే, తండ్రికి పౌరసత్వం ఉన్న బిడ్డ వెళ్లవచ్చు, తండ్రికి గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న బిడ్డ ఆగిపోవాలి. ఆ ఉత్తర్వును బైడెన్ 2021 ఫిబ్రవరి 24న రద్దు చేసేదాకా ఈ తేడా నడిచింది.

2020 జూన్ 22న మరో ఉత్తర్వు వచ్చింది. ఈసారి హెచ్‌-1బి, ఎల్, కొన్ని జె వీసాలతోపాటు వారి వెంట వెళ్లే కుటుంబ సభ్యుల వీసాలూ ఆగాయి. మన నందిగామ పాప ఈ పట్టీలోకి వచ్చింది. అయితే ఉద్యోగం చేసే తల్లి లేదా తండ్రి అప్పటికే అమెరికాలో ఉంటే పిల్లలకు వీసా ఇవ్వవచ్చునని ఆ దేశ విదేశాంగ శాఖ జూలైలో వివరణ ఇచ్చింది. ఈ వివరణ సంగతి చాలా ఇళ్లకు చేరనే లేదు. "ట్రంపు ఆపేశాడంట, ఇంకేం చేస్తాం" అని చేతులు కట్టుకుని కూర్చున్నవారే ఎక్కువ. నందిగామ కుటుంబానికి కూడా ఈ మాట రెండు నెలల తర్వాత అల్లుడి స్నేహితుడి ద్వారా తెలిసింది. తెలిసినా లాభం లేకపోయింది. వీసా కేంద్రంలో అపాయింట్‌మెంటు తేదీలు దొరకలేదు. ఉత్తర్వు సడలింది గాని కౌంటరు తెరుచుకోలేదు.

మరి తల్లే వచ్చి బిడ్డను తీసుకుపోవచ్చు కదా అని ఊళ్లో కొందరు అన్నారట. అలా అనడం తేలిక. తల్లి పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయింది. అక్కడ ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. ఇక్కడికి వస్తే మాత్రం తిరిగి వెళ్లడానికి కొత్త ముద్ర కావాలి. కౌంటర్లు మూసి ఉన్నప్పుడు వచ్చిందంటే తల్లీబిడ్డలిద్దరూ ఇక్కడే ఉండిపోతారు. ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు అక్కడ ఉండే హక్కూ పోతుంది. బిడ్డ కోసం రావాలనుకున్న తల్లికి, బిడ్డ భవిష్యత్తు కోసమే ఆగవలసి వచ్చింది. దీన్ని అర్థం చేసుకోకుండా "డబ్బు కోసం బిడ్డను వదిలేసింది" అన్నవారు తమ మాటను మరోసారి ఆలోచించుకోవాలి.

తమ్ముడు పుట్టాక...

2021 జనవరిలో అమెరికాలో ఆ దంపతులకు కొడుకు పుట్టాడు. అక్కడ పుట్టాడు కనుక వాడు అమెరికా పౌరుడు. ఇది తర్వాత ఎలా అక్కరకు వచ్చిందో చూడండి.

ఏప్రిల్ నెలలో మన దేశంలో రెండవ విడత కరోనా విజృంభించింది. ఏప్రిల్ 30న బైడెన్ ఇండియా నుంచి వచ్చే ప్రయాణికులపై నిషేధం విధించారు. మే 4 నుంచి అది అమలయింది. గడచిన 14 రోజుల్లో మన దేశంలో ఉన్నవారు, పౌరులు గాని, గ్రీన్‌కార్డు ఉన్నవారు గాని కాకపోతే అడుగు పెట్టరాదన్నారు. హెచ్‌-1బి వారి పిల్లలకు ఆ పేరుమీద మినహాయింపు ఇవ్వలేదు. అయితే అమెరికా పౌరుడైన పెళ్లికాని 21 ఏళ్లలోపు బిడ్డకు తోబుట్టువైతే, ఆ తోబుట్టువూ 21 ఏళ్లలోపు ఉండి పెళ్లికాకపోతే రావచ్చునని ఒక వాక్యం ఉంది. అంటే తల్లీతండ్రీ ఇద్దరూ అక్కడ పన్నులు కడుతూ ఉద్యోగాలు చేస్తున్నా వారి పేరుమీద రాలేని పాప, నాలుగు నెలల తమ్ముడి పేరుమీద రావచ్చు!

చట్టంలో ఇలాంటి వాక్యాలు వెతికి పట్టుకున్నవాడే గట్టెక్కాడు. కాని ఇక్కడ కూడా అదే కథ. మే 3 నుంచి మామూలు వీసా అపాయింట్‌మెంట్లను అమెరికా రాయబార కార్యాలయం రద్దు చేసింది. రెండవ తలుపు పాపకు తెరుచుకున్న వారంలోనే మూడవ తలుపుకు తాళం పడింది. వెంట వెళ్లవలసిన తాతయ్య, అమ్మమ్మలకు పాత విజిటర్ వీసాలున్నా, వారికి నిషేధం వర్తిస్తుంది. రెండున్నరేళ్ల పిల్లను ఒంటరిగా విమానం ఎక్కించగలమా?

ఆ నెలలోనే పెద్దాయనకు కరోనా సోకింది. ఆయన విజయవాడ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. ఇంట్లో అమ్మమ్మ, మనవరాలు మాత్రమే. పాలు పోసేవాడు గుమ్మం దగ్గర పాలు పోసి పోయేవాడు. "నాకూ జ్వరం వచ్చి పడిపోతే పిల్లను ఎవరెత్తుకుంటారు? ఎవరినీ ఇంట్లోకి రమ్మనలేం. వాళ్లమ్మ ఫోనులో ఏడుస్తుంటే, పిల్ల ఫోనును దిండు కింద పెట్టేది" అని ఆమె చెప్పినప్పుడు కంఠం వణికింది. ప్రభుత్వాలు విధించే ఒక్కొక్క ఆంక్షకు ఆరోగ్యపరమైన కారణం ఉంటే ఉండవచ్చు. దాని బరువు చివరకు ఎవరిమీద పడుతుందో ఈ ఒక్కమాట చాలు తెలుసుకోవడానికి.

ఇతర దేశాల మాట

అమెరికా ఒక్కటే ఇలా చేసిందని అనుకోరాదు. ఆస్ట్రేలియా ఇంకా కఠినంగా వ్యవహరించింది. 2021 ఏప్రిల్ చివరలో ఇండియా నుంచి విమానాలు ఆపింది. మే 3 నుంచి 15 వరకు, మన దేశంలో ఉండి వచ్చిన తన సొంత పౌరులకే అయిదేళ్ల వరకు జైలు, 66,600 డాలర్ల వరకు జరిమానా పడవచ్చని హెచ్చరించింది. అప్పుడే 173 మంది ఆస్ట్రేలియా పిల్లలు తల్లిదండ్రులు దగ్గర లేకుండా ఇండియాలో చిక్కుకున్నారని ఆ దేశ అధికారులు తమ సెనేట్ కమిటీకి చెప్పారు. వారిలో చాలామంది మన పాపలాగే తాతయ్య, నానమ్మల దగ్గర ఉన్నవారే.

అక్కడ ఇంకొక విడ్డూరం జరిగింది. అక్కడ స్థిరపడిన వారి తల్లిదండ్రులను "దగ్గరి కుటుంబం" కింద 2021 నవంబరు 1 దాకా లెక్కించలేదు. కాబట్టి మనవణ్ణి వెంటబెట్టుకుని దింపి రావడానికి తాతకు అనుమతి సులభంగా దొరికేది కాదు. మన లెక్కలో ఇంటికి పెద్ద దిక్కయినవాడు, వారి లెక్కలో కుటుంబమే కాలేదు. వెళ్లిన వారు 14 రోజులు హోటల్ క్వారంటైన్‌లో ఉండాలి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అందుకు పెద్దవారికి 3,000 డాలర్లు, మూడేళ్లు దాటిన పిల్లలకు 500 డాలర్లు వసూలు చేశారు.

మన ప్రభుత్వం కూడా మొదట్లో పొరపాటు చేయకపోలేదు. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు విదేశాల్లో పుట్టి ఓసీఐ కార్డు ఉన్న పసిపిల్లలను ఎక్కనివ్వలేదు. తల్లిదండ్రులు భారత పౌరులే, ఉద్యోగం పోయి ఇంటికి రావాలనుకుంటున్నారు, ఒళ్లో బిడ్డకు మాత్రం ప్రవేశం లేదు. గొడవ అయ్యాక మే 22న కేంద్ర హోం శాఖ నిబంధన సడలించింది. పదిహేను రోజుల్లో సరిదిద్దుకోవడం మంచిదే. ముందే ఆలోచిస్తే ఆ పదిహేను రోజుల ఏడుపూ తప్పేది.

చివరి తలుపు: కాగితాలు

2021 సెప్టెంబరులో పాపకు వీసా కేంద్రంలో తేదీ దొరికింది. అప్పట్లో 14 ఏళ్లలోపు పిల్లలు సాధారణంగా ఇంటర్వ్యూకు వెళ్లనక్కరలేదు. కాగితాలు పెట్టెలో వేసి వస్తే చాలు. అక్టోబరులో వీసా ముద్రతో పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. ఇండియాపై నిషేధం నవంబరు 8న ఎత్తివేస్తామని, దాని బదులు రెండు డోసుల టీకా ఉండాలని అమెరికా ప్రకటించింది. 18 ఏళ్లలోపు వారికి టీకా అక్కరలేదు.

పాపకు అక్కరలేదు. తీసుకుపోయే తాతయ్య, అమ్మమ్మలకు కావాలి. వారు వేయించుకున్నది హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన టీకాలే చెల్లుతాయన్నారు. అప్పటికి కోవాగ్జిన్‌కు ఆ గుర్తింపు లేదు. మళ్లీ దిగులు. నవంబరు 3న గుర్తింపు వచ్చింది. మరునాడే టిక్కెట్లు కొన్నారు.

రెండేళ్లు నిండిన పిల్లలకు కూడా కరోనా పరీక్ష కావాలి. టీకా వేయించుకున్న పెద్దల వెంట వెళ్లే పిల్లలకు ప్రయాణానికి మూడు రోజుల లోపు చేయించిన రిపోర్టు చెల్లేది. ఆ రిపోర్టులో పాప పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లు కాక ఇంటిపేరు ముందు, పేరు వెనుక పడింది. ముందురోజు రాత్రి ల్యాబుకు పరుగెత్తి దిద్దించుకోవలసి వచ్చింది. నవంబరు నాలుగవ వారంలో ముగ్గురూ బయలుదేరారు. ఆ వారంలోనే ఒమిక్రాన్ పేరు బయటికి వచ్చింది. డిసెంబరు 6 నుంచి పరీక్ష గడువు ఒక్కరోజుకు కుదించారు. మరి పది రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో!

విమానాశ్రయంలో తల్లిని చూసి పాప అమ్మమ్మ చీర కుచ్చిళ్ల వెనుక దాక్కుంది. ఫోనులో కనిపించే అమ్మ, ఎదురుగా నిలబడిన అమ్మ ఒక్కరేనని నమ్మడానికి చాలా రోజులు పట్టిందట. పెద్దవాళ్లు మూడు నెలలుండి తిరిగి వచ్చారు. "పంపించాం కదా, సంతోషమే. కాని ఇంటికొచ్చి తాళం తీశాక, లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదండీ" అన్నారు పెద్దాయన. ఈ నష్టం ఏ ఉత్తర్వులోనూ లెక్కకు రాదు.

ఇప్పుడెందుకీ మాట?

ఆ ఆంక్షలు పోయాయి. మన అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న యథావిధిగా మొదలయ్యాయి. అమెరికా కరోనా పరీక్ష నిబంధనను 2022 జూన్‌లో, టీకా నిబంధనను 2023 మేలో ఎత్తివేసింది. కాని పసివాళ్లను ఇక్కడ వదిలి వెళ్లే పద్ధతి పోలేదు. తలుపులు మూయడానికి కరోనాయే రానక్కరలేదు. 2025 సెప్టెంబరు 2 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు కూడా సాధారణంగా ఇంటర్వ్యూకు రావాలని అమెరికా నిబంధన మార్చింది. అదే ఏడాది డిసెంబరులో హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల తనిఖీ పేరుతో మన దేశంలో చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. వీసా ముద్ర కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోయారు. నాలుగు నెలలని చెప్పి వదిలిన బిడ్డ రెండేళ్లుండే ప్రమాదం ఇప్పటికీ ఉన్నదన్నమాట.

కాబట్టి బిడ్డను పెద్దల దగ్గర ఉంచదలచిన వారు కొన్ని పనులు ముందే చేసుకోవాలి. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు వారి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే దిద్దించాలి. తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నప్పుడే పాస్‌పోర్టు తీసుకోవాలి. వారు వెళ్లిపోతే అక్కడి భారత కార్యాలయంలో ధ్రువీకరించిన అఫిడవిట్ తెప్పించుకోవాలి. పిల్లల పాస్‌పోర్టు గడువు అయిదేళ్లే అని మరువరాదు. వీలయితే వీసా ముద్ర కూడా తల్లి వెళ్లకముందే వేయించాలి. నందిగామ పాప విషయంలో ఈ ఒక్కపని జరిగి ఉంటే దారి చాలావరకు సులువయ్యేది.

తాతయ్య, అమ్మమ్మల పేర బిడ్డ వైద్యానికి, ప్రయాణానికి తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనుమతి పత్రం ఇంట్లో ఉండాలి. పెద్దాయన ఆసుపత్రి పాలైనప్పుడు బిడ్డను ఎవరు చూడాలో ముందే అనుకుని ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా ఉత్తర్వు వచ్చిందని విన్నప్పుడు రచ్చబండ దగ్గర మాట నమ్మి ఆగిపోరాదు. ప్రతి ఉత్తర్వులోనూ మినహాయింపులు ఉంటాయి. తమ్ముడి పేరుమీద అక్కకు దారి దొరికినట్టు, ఎవరి దారి ఎక్కడుందో చదివించుకోవాలి.

అధికారులు చేయవలసింది

అయితే ఈ బరువంతా కుటుంబాలమీదే వేయడం న్యాయం కాదు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వానికి ఏపీ ఎన్ఆర్టీ సొసైటీ ఉంది. విదేశాల్లో ఇబ్బందులు పడేవారి ఫిర్యాదులకు కేంద్ర విదేశాంగ శాఖకు మదద్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఈ రెండూ ఎక్కువగా అక్కడ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకున్నవి. ఇక్కడ మిగిలిపోయిన అరవై ఏళ్ల అమ్మమ్మకు ఇంగ్లీషు ఫారం నింపి, ఏ కాగితం లోటుందో తెలుగులో చెప్పే మనిషి దగ్గరలో లేడు. ఆమె ఏజెంటును ఆశ్రయిస్తే, వాడు అడిగిందే ధర.

కలెక్టరు కార్యాలయంలో వారానికి ఒకరోజయినా ఇందుకు ఒక గుమాస్తాను కూర్చోబెట్టాలని, విదేశీ ఉత్తర్వుల సారాంశం తెలుగులో మండల కార్యాలయాల నోటీసు బోర్డుపై పెట్టాలని, మరోసారి ఆంక్షలు వస్తే తల్లిదండ్రుల దగ్గరకు పోయే పిల్లలకు, వారి వెంట వెళ్లే ఒక పెద్దకు సరిహద్దు పాసుల్లోను, విమాన సీట్లలోను మొదటి వరుస ఇవ్వాలని ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు. ఇందులో పెద్ద ఖర్చు లేదు. కావలసింది కాస్త ముందుచూపు.

నందిగామ పాప ఇప్పుడు అక్కడ బడికి పోతోంది. ఆదివారం ఆదివారం తాతయ్యకు ఫోను చేస్తుంది. తెలుగు బాగానే మాట్లాడుతుందట. ఇప్పుడు ఫోనును దిండు కింద పెట్టడం లేదు.